పెపాని అన్నందుకు

నా భార్య కాలు విరగ్గొట్టింది ప్రభుత్వం. తప్పు నా భార్యదేనని తేల్చింది కూడా ప్రభుత్వమే. మొదటి పని రెప్పపాటులో అయిపోయింది. రెండో పని మీద మాత్రం చాలా శ్రద్ధ పెట్టారు.

ఆమె పేరు ఎస్నాతి. మా బోమాలో, అంటే జిల్లా కచేరీలో, ఊడ్చే ఉద్యోగం. నెలజీతం, పర్మినెంటు. మా టీ తోటల వైపు ప్రభుత్వ ఉద్యోగం ఉన్న ఆడమనిషికి చర్చిలో ముందు బల్ల మీద చోటుంటుంది. ఆమెకీ ఉండేది. సైకిళ్ళు బాగుచేసే నాకు వెనక బల్ల.

పొద్దున్నే అధికారులు రాకముందు కచేరీ ముంగిలంతా ఊడ్చేది. దువ్విన తలలా నేల మీద చీపురు చారలు వరసగా పడేవి. తరవాత అధికారులు వచ్చి ఆ చారల మీద బూట్లతో నడిచేవారు. రోజూ ఆమె ఊడ్చేది, రోజూ వాళ్ళు తొక్కేవారు. దాన్ని పరిపాలన అంటారు.

ఆ రోజు చిపెరోనీ దిగి ఉంది. చలికాలంలో కొండ మీంచి వస్తుంది అది. పూర్తిగా మంచూ కాదు, పూర్తిగా వానా కాదు. పదడుగుల అవతల మనిషి ఉన్నదీ లేనిదీ తెలియదు. కచేరీలో పరిపాలన చూసే అధికారి కమ్వెండో వరండాలో టీ కప్పుతో నిలబడి, బండి తొందరగా తియ్యమని కేకలేస్తున్నాడు. బండి ప్రభుత్వానిది. తేవలసిన మొక్కజొన్న బస్తాలు కమ్వెండో అత్తగారివి. డ్రైవరు మెడ్సన్ బండిని వెనక్కి తీశాడు. ఆ బండికి ఎడమవైపు అద్దం ఊడిపోయి ఏడాది దాటింది. కొత్తది కావాలని అతను అడగని రోజు లేదట. డబ్బులు రాలేదని కమ్వెండో చెప్పని రోజు లేదట.

ఎస్నాతి బండికి వీపు పెట్టి ఊడుస్తోంది. వెనక చక్రం ఆమె ఎడమకాలి మీద, మోకాలి కింద ఎక్కింది.

మెడ్సన్ దిగి చూశాడు. చూసి అక్కడే మోకాళ్ళ మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు. ఈ సంగతి ఎస్నాతే ఆస్పత్రిలో నాకు చెప్పింది, అదేదో నవ్వుకోవలసిన విషయమైనట్టు. మాకు పిల్లలు లేరు. అందుకేనేమో ఊళ్ళో ఎవరు ఏడ్చినా ఓదార్చే పని తనదే అనుకునేది. మట్టిలో పడి ఉండి, ఎముక బయటికొచ్చిన కాలు పెట్టుకుని, చెయ్యి చాచి ఆ డ్రైవరు తల మీద పెట్టింది.

"పెపాని, నాయనా. పెపాని," అంది.

ఆ మాటే ఆమెను ముంచింది.

రాయి తగిలి బొటనవేలు చితికినవాణ్ణి చూస్తే మా భాషలో పెపాని అంటాం. బస్సు తప్పిపోయినవాడితో అంటాం. చావింటికి వెళ్ళి, చాప మీద కూర్చుని, పెపాని అంటాం. నీ బాధ నేను చూశాను అని దానర్థం. మన కాలు వెళ్ళి పక్కవాడి కాలి మీద పడినా అదే మాట అంటాం. అప్పుడు, తప్పయింది అని అర్థం. మాట ఒకటే. ఎప్పుడు దేనికంటున్నామో మాలో మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు. కమ్వెండోకీ తెలుసు. కానీ కమ్వెండో నివేదిక ఇంగ్లీషులో రాశాడు.

ఇంగ్లీషులో రాసేసరికి అది ఇలా అయింది: "గాయపడిన ఉద్యోగిని డ్రైవరుకు అక్కడికక్కడే రెండుసార్లు క్షమాపణ చెప్పింది. కాబట్టి బండికి అడ్డంగా వచ్చిన తప్పు తనదేనని ఒప్పుకుంది." బండి అత్యవసర విధి మీద వెళుతోందని కూడా రాశాడు. ఆ అత్తగారి మొక్కజొన్న ఈ దేశానికి అంత అవసరమని నాకు అప్పుడే తెలిసింది.

పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. తప్పు ఉద్యోగిదైతే ఇవ్వదు. ఇవ్వబోమని పట్నంలోని పరిహారాల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, ఆ నివేదికతో సహా. నేను మిషన్ బడిలో ఎనిమిది దాకా చదివాను, ఆ ఇంగ్లీషు ముక్క చదవడానికి అది చాలు. చదివి వినిపించాను. చక్రం కింద కాలున్న మనిషి, చక్రానికి శ్రమ కలిగించినందుకు మన్నించమని కోరిందన్నమాట.

ఎస్నాతి ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టింది. తరవాత, "డబ్బు సంగతి వదిలెయ్యి. నేను బండికి అడ్డం పోలేదని రాయించు. అంతే," అంది.

ఆమెకి అదే కావాలి. ఎందుకంటే ఆ వాక్యం కచేరీలో ఆగలేదు. కమ్వెండో పెళ్ళాం దాన్ని చర్చికి తెచ్చింది. ఎస్నాతికి ఈమధ్య చెవులు సరిగ్గా వినిపించడం లేదని, నడుస్తూ కలలు కంటుందని, పాపం ఆ డ్రైవరు పిల్లాడికి ఎంత కష్టం తెచ్చిపెట్టిందో అని ఆడవాళ్ళ ప్రార్థనలో చెప్పి అతని కోసం ప్రార్థన చేయించింది. చంకలో కర్రలతో అంతదూరం నడవడం కష్టమని ఎస్నాతిని ముందు బల్ల నుంచి గుమ్మం పక్క బల్లకి మార్చారు. ఎంతో దయగా మార్చారు. పనికి రావడం లేదని కచేరీ ఉద్యోగం తీసేసింది. అది కూడా దయగానే రాశారు.

ఆమె వద్దన్నా నేను అప్పీలు పెట్టాను. వద్దన్నది డబ్బునే కదా. నేను వెళ్ళింది ఆ వాక్యం కోసం.

పరిహారాల ఆఫీసులో మా దావా చూసే అధికారి పేరు కంబలామె. మెత్తటి మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు. గాయపడినావిడను తను కళ్ళారా చూడాలన్నాడు. ఎస్నాతిని సైకిల్ వెనక కూర్చోబెట్టి రోడ్డు దాకా తోసుకెళ్ళాను. మినీబస్సులో కాలు చాపుకోవడానికి ఇంకో సీటు కావాలి. ఆ కాలిక్కూడా టిక్కెట్టు కొట్టాడు కండక్టరు. వెళ్ళేసరికి కంబలామె లేడు. సరస్సు ఒడ్డున హోటల్లో శిక్షణకి వెళ్ళాడట. గాయపడిన ఉద్యోగులకు త్వరగా సేవలు అందించడం ఎలా అన్నది అక్కడ నేర్పే విషయం. వారమంతా నేర్చుకుంటాడట.

తరవాత కమ్వెండో ముద్ర కావాలన్నారు. ముద్ర దిండులో సిరా ఎండిపోయిందన్నాడు కమ్వెండో. కొత్త ఎక్స్‌రే కావాలన్నారు. ఆస్పత్రిలో మిషను చెడిపోయింది, బాగుచేసేవాడు వేరే దేశం నుంచి రావాలి. చిన్న చైను ఊడితే నేను రోడ్డు పక్కన కూర్చుని పెడతాను. పెద్దవాళ్ళ మిషన్లు అలా కుదరవు.

ఈలోగా కాలిలో వేసిన ఇనుపకడ్డీ చుట్టూ చీము పట్టింది. పుండు మూసుకోలేదు. ఎస్నాతి ఇంటిముందు చాప మీద కూర్చుని కందులు ఒలిచేది. కనిపించిన ప్రతివాళ్ళూ పెపాని అనేవారు. ఆమె తలూపేది. తను మాత్రం ఆ మాట అనడం మానేసింది. పక్కింటి పిల్ల నిప్పులో చెయ్యి పెట్టి ఏడుస్తూ వస్తే దగ్గరికి తీసుకుంది, ఊదింది, కానీ ఆ మాట అనలేదు. అది నేను చూశాను.

వానలు మొదలయ్యాక ఎస్నాతి చచ్చిపోయింది.

నేను మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాను. కంబలామె గది బయట కొత్త గుమాస్తా అమ్మాయి కూర్చుని ఉంది.

"దావా వేసినావిడ స్వయంగా రావాలి పెద్దాయనా," అంది.

"రాలేదమ్మా."

"ఎందుకు రాలేదు?"

"చచ్చిపోయింది."

ఆ అమ్మాయి ముందున్న కాగితం మీద వేలు పెట్టి కిందికి జరిపింది. "అలాగైతే రాలేకపోవడానికి కారణం ఆవిడే స్వయంగా..." అని ఆగింది. తలెత్తి నన్ను చూసింది. "పెపాని," అంది.

ఆ మాట ఆ ఆఫీసులో ఎంత సులువుగా వస్తుందో నేను అప్పుడే గమనించాను.

కంబలామె అందరినీ పిలిపించి విచారణ పెడతానన్నాడు. దానికి భార్య తరఫున నిలబడే బంధువు కూడా రావాలన్నాడు. మాలో పెళ్ళయ్యాక మొగుడు వెళ్ళి పెళ్ళాం ఊళ్ళో ఉంటాడు. ఇల్లు ఆమెది, పొలం ఆమెది. పెళ్ళికి పూచీ ఉండేది ఆమె అన్న. ఎస్నాతి అన్న పేరు వైసన్. ఇటుకల బట్టీ ఉంది. చెల్లెలు మంచాన పడిన కాలమంతా బట్టీ దగ్గర పని ఒత్తిడి వల్ల రాలేకపోయాడు. పరిహారం అనగానే పని ఒత్తిడి తగ్గింది.

"చెల్లెలికి సమాధిరాయి వేయించాలి బావా. నున్నటి రాయి, అక్షరాలు చెక్కినది. ఊరంతా చూడాలి," అన్నాడు బస్సులో.

ఏం చెక్కిస్తావని అడిగాను. పేరు, తేదీలు అన్నాడు. బండికి అడ్డం పోయిందని కూడా చెక్కించమన్నాను, ప్రభుత్వం ఎలాగూ రాసిపెట్టింది కదా అని. ఆ తరవాత పట్నం దాకా నాతో మాట్లాడలేదు.

గదిలో కంబలామె, రాసుకునే గుమాస్తా అమ్మాయి, ఇస్త్రీ కోటులో కమ్వెండో, గోడ పక్కన మెడ్సన్. మెడ్సన్ని నేను ప్రమాదం తరవాత చూడలేదు. ఆస్పత్రికి ఒక్కసారి రాలేదు. కమ్వెండో వెళ్ళొద్దన్నాడని తరవాత ఎవరో చెప్పారు. కాళ్ళు అతనివి, కమ్వెండోవి కాదు.

కంబలామె లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. మా పద్ధతి ప్రకారం కుడిచేతి మోచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని, వంగి, నా చెయ్యి అందుకున్నాడు.

"పెపాని, నాన్నగారూ," అన్నాడు. గుమాస్తా అంది. కమ్వెండో కూడా లేచి అన్నాడు.

నేను చెయ్యి వదల్లేదు. గుమాస్తా వైపు తిరిగాను.

"రాసుకో అమ్మా. కంబలామె గారు తన తప్పు ఒప్పుకున్నారు. కమ్వెండో గారు కూడా."

ఆ పిల్ల నిజంగానే రాయబోయింది. కంబలామె చెయ్యి లాక్కున్నాడు.

"ఇది ఓదార్పు మాట ముఖూనా గారూ. మీకు తెలియనిదా?"

"నాకు తెలుసు అయ్యా. మీ ఆఫీసుకే తెలియదు. మా ఆవిడ అంటే తప్పొప్పుకోలు, మీరంటే ఓదార్పు. ఈ మాట జీతాన్ని బట్టి అర్థం మారుతుందా?"

వైసన్ నా చొక్కా పట్టుకుని లాగాడు. కమ్వెండో గొంతు సవరించుకుని, ప్రమాదస్థలంలో అన్న మాట వేరు, మర్యాద కోసం అన్న మాట వేరు అని చెప్పడం మొదలుపెట్టాడు. ప్రమాదస్థలంలో కమ్వెండో చేతిలో ఏముందని అడిగాను. టీ కప్పు అని ఎవరూ అనలేదు.

అప్పుడు కంబలామె మెడ్సన్ని లేపాడు. జరిగింది చెప్పమన్నాడు. మెడ్సన్ నేల చూస్తూ మాట్లాడాడు.

"ముందు పెపాని అన్నది నేను సార్. బండి దిగగానే అన్నాను."

"ఏ అర్థంతో అన్నావు?"

"తప్పు చేసినవాడి అర్థంతో. వెనక చూడకుండా తీశాను. ఆవిడ అన్నది నేను ఏడుస్తున్నానని సార్. నన్ను చూసి అంది."

కమ్వెండో కోటు మీద లేని దుమ్ము దులుపుకున్నాడు. అయిపోయింది అనుకున్నాను. ఇక ఆ వాక్యం పోతుంది. ఇంటికి వెళ్ళి, మట్టి దిబ్బ దగ్గర నిలబడి, పోయిందని చెప్పవచ్చు అనుకున్నాను. ప్రభుత్వం గురించి నేను అలా అనుకోవడం అదొక్కసారే.

కంబలామె చాలా సేపు ఆలోచించాడు. శిక్షణలో ఏం నేర్పారో గానీ, ఆలోచించేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు.

"ఇది కొత్త విషయం. చాలా ముఖ్యమైన విషయం. డ్రైవరు కూడా క్షమాపణ చెప్పాడన్నమాట. ఇద్దరూ చెప్పారు కాబట్టి తప్పు ఇద్దరిదీ. పరిహారంలో సగం మంజూరు చేయవచ్చు," అన్నాడు.

వైసన్ దేవుడికి దణ్ణం పెట్టాడు.

"ఆ వాక్యం కొట్టెయ్యండి అయ్యా," అన్నాను.

ఒకసారి రాసినది కొట్టెయ్యడం వాళ్ళ చేతుల్లో లేదట. కింద ఇంకో వాక్యం చేర్చడం మాత్రం ఉందట. అలాగే చేర్పించాడు: డ్రైవరు కూడా క్షమాపణ చెప్పాడు. ఇప్పుడు న్యాయంగా ఉంది కదా అని నన్నే అడిగాడు. నేను పెపాని గురించి నోరెత్తకపోతే ఈ సగం కూడా వచ్చేది కాదని మెచ్చుకున్నాడు కూడా. నా తెలివి అలా పనికొచ్చింది.

నేను సంతకం పెట్టనన్నాను. బండి ఆమె మీదికి వచ్చింది, ఆమె సగం దూరం ఎదురెళ్ళలేదు. సంతకం పెడితే ఆమె సగం అడ్డం పోయిందని నేనూ అన్నట్టే.

కంబలామె బాధపడ్డాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు, మీ సంతకం అవసరం లేదు లెండి అన్నాడు. మీ ఆచారం ప్రకారం అన్నగారి సంతకం చాలట. ఎస్నాతి బతికున్నప్పుడు ఆ ఆచారం ఎవరికీ గుర్తు రాలేదు. అప్పుడు ప్రతి కాగితం మీదా నా సంతకమే కావాలన్నారు.

"పెట్టొద్దు బావా. డబ్బు వద్దంది మీ చెల్లెలు. మాట మార్పించమంది," అన్నాను.

"చచ్చినవాళ్ళకి మాటలెందుకు బావా? రాయి కావాలి," అన్నాడు వైసన్. పెట్టేశాడు.

ఎక్కువ రోజులు కాకముందే రాయి వచ్చింది. నున్నటిది, నల్లటిది. ఆవిష్కరణకి మేకను కోశారు, పెద్ద కుండల్లో మొక్కజొన్న పిండితో న్సిమా వండారు, చర్చి పాటల బృందం కొత్త బట్టలు కట్టుకుని పాడింది. కమ్వెండో పెళ్ళాం ముందు వరసలో కూర్చుని ఏడ్చింది. ఎస్నాతి ఎంత మంచిదో, తన తప్పు తనే ఒప్పుకునే మనిషని ప్రసంగంలో పాస్టరు చెప్పాడు. అంతా ఆమేన్ అన్నారు. నేను వెనక నిలబడ్డాను.

ఆ తరవాత సంగతులు క్లుప్తంగా చెబుతాను. కమ్వెండోకి పై పదవి వచ్చింది, పట్నానికి వెళ్ళాడు. ఆ బండికి ఎడమ అద్దం వేశారు. సగం తప్పు ఒప్పుకున్నందుకు మెడ్సన్ ఉద్యోగం పూర్తిగా పోయింది. ఉద్యోగాన్ని సగం తియ్యడం వాళ్ళకి రాదు కాబోలు. పరిహారాల ఆఫీసు గోడకి ఒక నోటీసు అంటించారని విన్నాను. దావాదారులతో మాట్లాడేటప్పుడు సిబ్బంది ఎవరూ పెపాని అనే మాట వాడరాదు, ఆఫీసుకు బాధ్యత చుట్టుకునే ప్రమాదం ఉంది అని. మా కేసు వల్ల ప్రభుత్వం ఏమీ నేర్చుకోలేదని నేను అనను.

ఆ వాక్యం మాత్రం అలాగే ఉంది.

పెళ్ళాం పోయినవాడు పెళ్ళాం ఊళ్ళో ఎక్కువ కాలం ఉండకూడదు. ఉండమని వైసన్ అనలేదు, పొమ్మనీ అనలేదు. నా గుడిసె పక్కన ఇటుకలు పేర్చడం మొదలుపెట్టాడు. నేను పనిముట్లు సంచిలో వేసుకున్నాను. మా అమ్మ ఊరు కొండకి అవతల ఉంది. పొద్దున్నే సైకిల్ బయటికి తీస్తుంటే ముంగిట్లో మెడ్సన్ నిలబడి ఉన్నాడు. చిపెరోనీలో తడిసి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. చిక్కిపోయాడు. ఇప్పుడు టీ తోటలో ఆకు కోస్తున్నాడట.

నా సంచి అందుకుని సైకిల్ వెనక కట్టాడు. ముడి గట్టిగా వేశాడు. తరవాత నా ఎదురుగా నిలబడ్డాడు. పెదాలు కదిలాయి. ఏ మాట రాబోతోందో నాకు తెలుసు. ఎస్నాతి అయితే చెయ్యి చాచి వాడి తల మీద పెట్టేది. అది ఆమె సంగతి. నేను చెయ్యి అడ్డంగా ఎత్తాను.

"ఆ మాట వద్దు. ఎవరైనా రాసుకుంటారు," అన్నాను.

వాడు నోరు మూసుకున్నాడు. దారికి అడ్డం తప్పుకున్నాడు. నేను వాణ్ణి క్షమించలేదు. ఆ విషయంలో ఎవరికీ అనుమానం వద్దు. ముంగిలి దాటేముందు ఒకసారి చూశాను. ఆ నేల ఊడ్చి చాలా రోజులైంది.

ఇప్పుడు మా అమ్మ ఊళ్ళో అందరూ అడుగుతున్నారు, భార్య ఎలా పోయింది, ప్రభుత్వం ఏమిచ్చింది అని. చెప్పాల్సినదంతా ఇక్కడ చెప్పేశాను. ఇక అడగొద్దు. అడిగినవాడి సైకిలు బాగుచేస్తాను, గాలి కొడతాను. ఈ విషయం మాత్రం ఇంకెప్పుడూ మాట్లాడను.